స్కాట్లండ్ కథలో వేటగత్తె నమ్మశక్యంగా ఉంటుందా?

మీ కామిక్ 1660ల స్కాట్లండ్‌లో నడుస్తోంది, మంత్రగత్తెల్ని వేటాడే పని ఆడవాళ్లు చేసుండరని మీ స్నేహితుడు అన్నాడు కాబట్టి హీరోయిన్‌ని మార్చాలా అని అడిగారు. దయచేసి మార్చకండి.

1662లో క్రిస్టియన్ కాడెల్ అనే స్త్రీ మగవేషం వేసుకుని, జాన్ డిక్సన్ అనే పేరుతో అక్కడ సరిగ్గా ఇదే పని చేసింది. అనుమానితుల ఒంటి మీద సూదితో గుచ్చేవారు. నొప్పి తెలియని, రక్తం రాని చోటు దొరికితే అది సైతాను గుర్తు అని తేల్చేవారు. ఆమె మాటతో అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నాకు ఆ సంగతి చదివినప్పుడల్లా మనసు పాడైపోతుంది. చివరికి ఆమె గుట్టు బయటపడింది.

మీ హీరోయిన్‌కి కత్తి కన్నా ఆ సూదే సరైన ఆయుధం. నిజమైన మంత్రగత్తె దగ్గరికి వెళ్తే సూది వేడెక్కుతుంది అనుకోండి. అప్పుడు ఊరివాళ్లు పట్టుకొచ్చిన ముసలామె దగ్గర అది చల్లగానే ఉంటుంది, పక్కనే నిలబడ్డ న్యాయాధికారి దగ్గర చేయి కాలుతుంది. ఈ సీన్‌లో మాటలు వద్దు. కుడి పేజీ చివరి ప్యానెల్లో ఆమె కళ్లు మాత్రమే గీయండి. పేజీ తిప్పాకే ఫైట్ మొదలవ్వాలి.

ఇంకొకటి, అక్కడ దోషులుగా తేల్చినవాళ్లను సాధారణంగా గొంతు నులిమి చంపాక కాల్చేవారు. ఇంగ్లండ్‌లో ఉరి తీసేవారు. మీ మూడో పేజీలో ఆ తేడా సరిచూసుకోండి.