గేమ్ డబ్బా చేతిలో ఉండాలి, బిల్లు జేబులో ఉండాలి

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం, రాంనగర్. టెక్సాస్‌లో ఎమ్మెస్ సీటు వచ్చింది, ఆగస్టులో బెంగళూరు నుంచి ఫ్లైట్. మొన్న బెంగళూరు ఎస్పీ రోడ్‌లో స్టీమ్ డెక్ అని, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ డబ్బా కొన్నాను. ప్లేన్‌లో ఆడుకోనిస్తారా? సూట్‌కేసులో పెట్టాలా, చేతిలో పెట్టుకోవాలా? పవర్ బ్యాంక్ తీసుకుపోవచ్చా? మా నాయనకు ఇంకా చెప్పలేదు.

జవాబు: ఏమప్పా, అమెరికాకు పోయే పిల్లోడివి, అమెరికా వస్తువును ఎస్పీ రోడ్‌లో కొనడమేంది? స్టీమ్ డెక్‌ను దాన్ని తయారుచేసే వాల్వ్ కంపెనీ ఇండియాలో నేరుగా అమ్మదు. అక్కడ అంగళ్లలో ఉన్నదల్లా ఎవరో బయటినుంచి తెచ్చి, తన లాభం కలుపుకుని అమ్మేదే. పాడైతే వారంటీ అని పోయి అడగడానికి ఎవరూ ఉండరు. ఇక్కడ అమెరికాలో అది 2022 ఫిబ్రవరిలో 399 డాలర్ల నుంచి మొదలైంది. నువ్వు ఎంతకు కొన్నావో రాయలేదు. రాయకపోవడంలోనే తెలుస్తోంది. నేను వచ్చిన కొత్తలో కాఫీ తాగాలన్నా రూపాయల్లోకి మార్చి చూసుకునేవాణ్ని. ఇప్పటికీ మారుస్తాను, మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ, ఆ లెక్కతోనే ఇల్లు కొన్నాం. సరే, కొన్నది కొన్నావు. దాన్ని పోగొట్టుకోకుండా, కాల్చుకోకుండా ఇక్కడిదాకా ఎట్లా తెచ్చుకోవాలో చెబుతాను.

రూల్స్ రెండు ముక్కల్లో చెప్పేస్తాను, మిగతావి నీ ఎయిర్‌లైన్ వాళ్ల పేజీలో చూసుకో. బ్యాటరీ ఎంత కరెంటు పట్టుకుంటుందో చెప్పే కొలత వాట్ అవర్, అది 100 లోపు ఉంటే ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్టీమ్ డెక్‌లో పాతదానికి 40, ఓఎల్ఈడీ స్క్రీన్ ఉన్న కొత్తదానికి 50. నింటెండో స్విచ్‌కు 16. ఆర్ఓజీ ఆలై ఎక్స్ లాంటి పెద్దదానికి కూడా 80 దాటదు. కాబట్టి బ్యాటరీ సైజు గురించి టెన్షన్ వద్దు. ఆడుకోవడం గురించి కూడా వద్దు. 2013లో అమెరికా, 2014లో మన విమానాల రూల్స్ చూసే డీజీసీఏ, ఫ్లైట్ మోడ్‌లో పెడితే గేటు నుంచి గేటు దాకా వాడుకోవచ్చని చెప్పేశాయి. టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు లోపల పెట్టమని ఎయిర్‌హోస్టెస్ అంటే పెట్టెయ్. అది ముప్పావు కిలోకు కాస్త తక్కువ బరువు. కుదుపు వచ్చి చేయి జారితే ముందు సీటాయన తలకు తగులుతుంది.

సూట్‌కేసులో పెట్టడం పూర్తిగా నిషేధమేమీ కాదు. పూర్తిగా ఆఫ్ చేసి, దెబ్బ తగలకుండా చుట్టి పెడితే ఒప్పుకుంటారు. వాళ్లు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. మీలాంటి పిల్లలు ఆఫ్ అనుకునేది ఆఫ్ కాదు. బటన్ ఒకసారి నొక్కితే అది నిద్రపోతుంది, అంతే. సూట్‌కేసులో స్వెటర్ల కింద, మీ అమ్మ పెట్టిన నిప్పట్ల డబ్బా అంచు ఆ బటన్‌కు తగిలితే లేచి కూర్చుంటుంది. ఫ్యాన్‌కు గాలి ఆడదు, బట్టల మధ్య వేడెక్కుతుంది. కింద సామాన్ల గదిలో దాన్ని చూసేవాళ్లు ఎవరు? ఇక అది పోయినా, పగిలినా వచ్చే పరిహారం కోసం ఫారాలు నింపుతూ కూర్చునేంత తీరిక ఫస్ట్ సెమిస్టర్‌లో నీకు ఉండదు.

అయితే చేతిసంచిలో పెడితే అయిపోయిందనుకోకు. నేనూ అట్లాగే అనుకున్నాను. 2010లో అనంతపురం నుంచి తిరిగి వస్తున్నప్పుడు క్యాబిన్ బ్యాగులో అన్నీ కుక్కాను. అమ్మ చేసిన చెనిక్కాయల పొడి, ఎండుమిరపకాయల కారం, ల్యాప్‌టాప్, దాని రెండో బ్యాటరీ, నా పీఎస్పీ అనే అప్పటి గేమ్ డబ్బా. పెద్ద విమానాల్లో ఎవరూ ఏమనలేదు. ఆఖరి ప్రయాణం చిన్న విమానంలో. మీ యూనివర్సిటీ ఊరు చిన్నదైతే నీకూ అదే వస్తుంది. దాంట్లో పై అరలు చిన్నవి, చక్రాల బ్యాగు పట్టదు. తలుపు దగ్గరే ఆపి బ్యాగు కిందకు పంపుతామన్నారు. స్పేర్ బ్యాటరీలు ఉంటే తియ్యి అన్నారు. అవి కిందకు పోకూడదు, ఇప్పటికీ అదే రూల్. నావేమో అడుగున ఉన్నాయి. ఆ ఇరుకు దారిలో మోకాళ్ల మీద కూర్చుని, వెనకాల జనం నిలబడి చూస్తుంటే, లుంగీలు, పొడుల పొట్లాలు ఒక్కొక్కటే బయట పెట్టాను. కారం కవరుకు చిన్న చిల్లు పడింది. నా వెనకాయన తుమ్మడం మొదలుపెట్టాడు. తల ఎత్తితే ఒట్టు.

బ్యాటరీలు, పీఎస్పీ చేతిలో పట్టుకుని సీట్లో కూలబడ్డాను. పెట్టుకోవడానికి ఇంకో సంచి లేదు. ఒళ్లో పెట్టుకుని కునుకు తీశాను. లేచి చూస్తే పీఎస్పీ లేదు. సీటుకూ చేతికమ్మికీ మధ్య సందులోకి జారింది. వేళ్లు పెడితే కొస తగులుతోంది, పట్టు దొరకదు. సీటు కొంచెం వెనక్కి వాలిస్తే సందు పెద్దదవుతుందని బటన్ నొక్కాను. లోపల కరకరమని చప్పుడు. ఎక్కడో ముందు ఉన్న ఎయిర్‌హోస్టెస్, మా అమ్మ వయసు ఉంటుంది, పరుగున వచ్చి నా చేయి పట్టుకుని బటన్ మీద నుంచి తీయించింది. నన్ను లేచి నిలబడమని, గద్దె పైకెత్తి, తనే బయటికి తీసింది. మూల పగిలింది, బ్యాటరీ మూత సొట్ట పడింది. ఇంకా ఆన్ చేసి చూడబోయాను. వద్దని, బ్యాటరీ తీసేయించి, దిగేదాకా ఎదురుగా ఉంచుకోమంది. నాకు అప్పుడు ఉన్న బాధంతా పగిలిన డబ్బా గురించే. లిథియం బ్యాటరీ నలిగితే లోపలే షార్ట్ అయి, తనంతట తనే వేడెక్కుతూ పోయి మండుతుందని, ఆ వేడి బ్యాటరీలోని ఒక సెల్ నుంచి పక్క సెల్‌కు అంటుకుంటుందని తర్వాత చదువుకున్నాను. నలిగేది సరిగ్గా అట్లా సీటు కదిపినప్పుడే. ఇప్పటి డబ్బాల్లో బ్యాటరీ ఊడదీసే వీలు కూడా లేదు. కాబట్టి సందులోకి ఏది జారినా సీటు కదపకు, వాలించకు, ఎయిర్‌హోస్టెస్‌ను పిలువు. సిగ్గుపడే పనే లేదు, వాళ్లకు అది రోజూ ఉండే గొడవే.

అందుకే చక్రాల బ్యాగులో ఇంకో చిన్న సంచి పెట్టుకో. గేమ్ డబ్బా, పవర్ బ్యాంక్, పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-ట్వంటీ కాగితం, అన్నీ దాంట్లో. బ్యాగు తీసుకుంటామంటే సంచి లాగి భుజాన వేసుకోవడమే. సెక్యూరిటీలో ట్రేలో విడిగా పెట్టడానికీ సులువు. కానీ సీటు ముందు జేబులో మాత్రం డబ్బా పెట్టొద్దు. దిగే హడావుడిలో అందరూ మరిచిపోయేది అక్కడే. నా రూమ్మేట్ ఒకడు అట్లా వదిలేసి నెల రోజులు ఫోన్లు చేశాడు. దొరకలేదు. కొత్తది కొనడానికి పాపం వీకెండ్లలో గిన్నెలు కడిగాడు.

పవర్ బ్యాంక్ గురించి. దాని మీద ఎంఏహెచ్ అనే ఇంకో కొలత పెద్దగా, వాట్ అవర్లు సన్నగా రాసి ఉంటాయి. 20,000 ఎంఏహెచ్ అంటే దాన్ని వెయ్యితో భాగించి 3.7తో గుణించు, 74 వాట్ అవర్లు. పర్వాలేదు. 30,000 దాన్ని కొన్నావంటే 111 అవుతుంది, ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి. అంకెలు అరిగిపోయిన పాతది తేవద్దు, తీసేసుకుంటే వాదించలేవు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం ఇంకా బయలుదేరకముందే పై అరలోంచి మంటలు లేచి పైకప్పు కాలిపోయింది. లోపలి వాళ్లంతా బయటపడ్డారు. అనుమానం పవర్ బ్యాంక్ మీద. అప్పటి నుంచి ఒక్కొక్కరూ బిగిస్తున్నారు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2025 ఏప్రిల్ నుంచి విమానంలో వాడనివ్వడం లేదు. ఎమిరేట్స్ అయితే ఆ అక్టోబరు నుంచి 100 లోపుది ఒక్కటే తెచ్చుకో, దాంతో ఏదీ చార్జ్ చేయకు, పై అరలో పెట్టకు అంది. మనవాళ్లు సగం మంది దుబాయ్ మీదుగానే వస్తారు కదా, ఇవి టికెట్ తీసిన ఎయిర్‌లైన్ దగ్గర ముందురోజు ఒకసారి చూసుకో.

మరి చార్జింగ్ ఎట్లా అంటావు. సీటు కింద ప్లగ్గు ఉంటే నీ చార్జరే పెట్టుకో. టీవీ పక్కన ఉండే యూఎస్‌బీ సందు ఫోన్‌కు సరిపోతుందేమో కానీ స్టీమ్ డెక్‌కు ఆనదు, దాని చార్జరే 45 వాట్లు. ఆడుతూ ఉంటే పెట్టినా దిగిపోతూనే ఉంటుంది. చార్జర్ అంటే గుర్తొచ్చింది, మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు మా అన్న కొడుక్కు నింటెండో డీఎస్ లైట్ అనే గేమ్ డబ్బా తెచ్చాను. ఇక్కడి చార్జర్ మీద 120 వోల్టులని రాసి ఉంది. కన్వర్టర్ పిన్ను తగిలిస్తే చాలనుకుని అనంతపురంలో మా కమలానగర్ ఇంట్లో గోడకు పెట్టాను. మన కరెంటు 230. వాసన వచ్చేసరికి మా అమ్మ మెయిన్ ఆఫ్ చేసింది, పిల్లోడు ఏడుపు. నీ స్టీమ్ డెక్ చార్జర్ మీద 100-240 అని ఉంటుంది, భయం లేదు, కానీ ఎస్పీ రోడ్ సరుకు కాబట్టి లోపల వేరే చార్జర్ పెట్టారేమో ఒకసారి చదువు. పిన్ను కన్వర్టర్ అనంతపురంలోనే ఏదో ఎలక్ట్రికల్ షాపులో కొను. ఎయిర్‌పోర్టులో దానికి చెప్పే రేటుకు మధ్యాహ్నం భోజనం వస్తుంది.

విమానంలో అందరూ దుప్పటి ముసుగేసుకుని లోపల ఆడతారు. డబ్బా పైన గాలి పోయే సందులు ఉంటాయి, దుప్పటి వాటిని మూసేస్తుంది. ఆడుతూ నిద్రపోతే ఇంకా పని. నిద్ర వస్తే ఆపేసి సంచిలో పెట్టి పడుకో. చేయి పెట్టలేనంత వేడెక్కినా, వెనక ఉబ్బినట్టు కనిపించినా, వాసన వచ్చినా సంచిలో దాచొద్దు, వెంటనే వాళ్లకు చెప్పు. చెవుల్లో ఇయర్‌ఫోన్ లేకుండా మాత్రం ఆడకు. పక్కన చంటిబిడ్డ తల్లి ఉంటే ఆమె చూపే చాలు.

ఇంకొకటి, గేమ్‌లు అనంతపురంలో ఉండగానే డౌన్‌లోడ్ చేసి, ఇంటర్నెట్ ఉన్నప్పుడే ఒక్కోదాన్నీ ఒకసారి తెరిచి చూడు. తర్వాత ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి మళ్లీ తెరువు. అది చేయకపోతే గాల్లో ఉన్నప్పుడు లాగిన్ అడుగుతుంది. మా అబ్బాయి పోయిన ఎండాకాలం అదే చేసి, విమానంలో వైఫై కొనమని నా చెవి కొరికాడు. కొనలేదు. కిటికీ చూడమన్నాను.

బిల్లు విషయం. ఎస్పీ రోడ్ వాడు బిల్లు ఇచ్చాడా? ఇవ్వకపోతే ఈ వారమే పోయి అడుగు, సీరియల్ నంబరు రాయించుకో. బెంగళూరు ఎయిర్‌పోర్టులో బయలుదేరేటప్పుడు కస్టమ్స్ వాళ్ల దగ్గర దానికి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. రేపు సెలవులకు అదే డబ్బాతో ఇంటికి వస్తే, బయట కొన్నావు, డ్యూటీ కట్టు అనే మాట రాదు. ఎయిర్‌పోర్టు ఉన్న దేవనహళ్లి మీకు బెంగళూరు ఊరి దాకా పోకుండానే దారిలోనే వస్తుంది కదా, రెండు కార్లలో వచ్చే బంధువుల ఫొటోలు తగ్గించుకుని గంట ముందే లోపలికి పో.

ఇక నువ్వు అడగనిది చెబుతాను. ఇక్కడికి వచ్చి ఇక్కడి కార్డుతో ఒక్క గేమ్ కొన్నావంటే, వాల్వ్ వాళ్ల ఆన్‌లైన్ గేమ్ అంగడి స్టీమ్‌లో నీ ఖాతా అమెరికా ధరలకు మారిపోతుంది. ఇండియా ధర చాలా గేమ్‌లకు తక్కువ. మొదటి ఏడాది ఆడాలనుకునేవి ఒకటో రెండో ఉంటే బయలుదేరకముందే రూపాయల్లో కొనుక్కో. స్టీమ్‌లో సమ్మర్ సేల్ మామూలుగా జూన్ చివర్లో వస్తుంది, నీ ఫ్లైట్ ఆగస్టులో, టైము సరిపోతుంది. ఆ ఖర్చు కూడా కలిపి మీ నాయనకు ఒకేసారి చెప్పు, రెండుసార్లు తిట్లు ఎందుకు.