ఉల్లిపొరలో గాల్జీ ఎందుకు గీశావు?

(ఒంగోలు చుట్టుపక్కల హైస్కూళ్లలో బయాలజీ చెప్పి రిటైరైన మాస్టారు పాఠకులకు ఇస్తున్న జవాబులు. ఈసారి ఉత్తరాలు ఎక్కువగా కణం బొమ్మల మీదే వచ్చాయి.)

మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ప్రాక్టికల్ రికార్డులో ఉల్లిపొర బొమ్మ వేసి మైటోకాండ్రియా, గాల్జీ సంక్లిష్టం, రైబోసోములు, హరితరేణువులు అన్నీ గీసి పేర్లు పెట్టాడు. టీచర్ ఎర్రపెన్నుతో కొట్టేసి ‘చూసింది గీయి’ అని రాశారు. వాడు ఒకటే ఏడుపు. పుస్తకంలో ఉన్నవే కదా వేసింది, తప్పెక్కడుంది మాస్టారూ?
— ఒక తల్లి, కావలి

అమ్మా, ముందు ఆ టీచర్‌గారికి నా నమస్కారం చెప్పండి. రికార్డు బొమ్మను అంత శ్రద్ధగా చూసేవాళ్లు ఇప్పుడు తగ్గిపోయారు. చాలాచోట్ల బొమ్మ నీటుగా ఉంటే చాలు, సంతకం పడిపోతుంది.

మీవాడు వేసిన వాటిలో హరితరేణువులు తప్ప మిగతావన్నీ ఉల్లి కణంలో ఉండే మాట నిజమే. కానీ రికార్డు అడిగేది వేరు. ఆ రోజు, ఆ మైక్రోస్కోపులో, వాడి కంటికి ఏం కనిపించింది? అంతవరకే. పుస్తకంలో ఉండే కణం పటాన్ని అచ్చం అలాగే ఏ మైక్రోస్కోపులోనూ ఎవరూ చూడలేదు. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసింది చచ్చిపోయిన కణాల ఖాళీ గోడలు. కేంద్రకం గురించి రాబర్ట్ బ్రౌన్ 1831లో ఆర్కిడ్ మొక్కల కణాలు చూసి చెప్పాడు. గాల్జీ 1898లో నరాల కణాలకు వెండి లవణం పట్టించి తన పేరు మోస్తున్న ఆ నిర్మాణాన్ని చూశాడు. రైబోసోములు, అంతర్జీవద్రవ్యజాలం తెలియాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చి, 1940లు, 50లు రావాల్సి వచ్చింది. ఇన్ని తరాలవాళ్లు ఇన్ని రకాల పరికరాలతో కనిపెట్టినవన్నీ ఒక్కచోట చేర్చి వేసిన పటం అది. పరీక్షలో ‘వృక్షకణం పటం గీసి భాగాలు గుర్తించుము’ అంటే దాన్నే వేయాలి, అన్నీ పెట్టాలి. ఉల్లిపొర రికార్డులో మాత్రం దానికి చోటు లేదు.

వెలుతురుతో పనిచేసే మైక్రోస్కోపుకు ఒక హద్దుంది. మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఐదో వంతు, అంటే 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను అది విడదీసి చూపలేదు. ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా అంతే. రైబోసోము సుమారు 25 నానోమీటర్లు, ఆ హద్దుకు ఎనిమిదో వంతు. మీవాడు చుక్కలు చుక్కలుగా ఎంత ఓపిగ్గా పెట్టినా అవి చూసి పెట్టినవి కావని టీచర్‌కు తెలిసిపోతుంది. మైటోకాండ్రియా సంగతి కొంచెం నయం. జేనస్ గ్రీన్ అనే రంగు వేసి మంచి మైక్రోస్కోపులో ఓపిగ్గా వెతికితే చూడొచ్చు. సఫ్రానిన్ అనే ఎర్రరంగు వేసిన స్కూలు స్లైడులో కనిపించవు.

హరితరేణువులు మాత్రం అచ్చంగా తప్పు. ఉల్లిగడ్డ రేకులు ఎండ తగలకుండా మట్టిలో ఆహారం దాచుకునే ఆకు మొదళ్లు. ఆ తెల్లపొరలో పచ్చదనం ఎక్కడిది?

మరి ఏం గీయాలంటే, ఇటుక వరుసల్లా అమరిన పొడుగాటి కణాలు, కణకవచం, సఫ్రానిన్ పట్టి ఎర్రగా కనిపించే కేంద్రకం, గోడల వెంట పల్చగా కణద్రవ్యం. కేంద్రకం చాలా కణాల్లో ఒక పక్కకు నెట్టుకుపోయి ఉంటుంది, ఎందుకంటే మధ్యలో పెద్ద రిక్తిక, అంటే రసం నిండిన సంచి, కూర్చుని ఉంటుంది. కొన్నిటిలో నడిమధ్యే కనబడుతుంది. అక్కడ అది కణం పై గోడకో కింది గోడకో అంటుకుని ఉండి, పైనుంచి చూసే మనకు మధ్యలో ఉన్నట్టు తోస్తుంది. కనబడినచోటే వేయమనండి.

కణద్రవ్యాన్ని చుట్టి ఉండే పల్చటి పొర, ప్లాస్మా త్వచం, గోడకు అతుక్కుని ఉంటుంది కాబట్టి విడిగా కనబడదు. దాని సంగతి తేల్చుకోవాలంటే ఎర్ర ఉల్లిపాయ తీసుకోండి. రేకు లోపలివైపు పొర తెల్లగా ఉంటుంది, సులువుగా ఊడొస్తుంది, అందరూ అదే వాడతారు. బయటివైపు పొరలో ఊదారంగు ఉంటుంది. ఆ రంగంతా రిక్తికలోని రసంలోదే. రంగేమీ వేయకుండా దాన్ని నీటి చుక్కలో పెట్టి చూస్తే రిక్తిక కణాన్ని దాదాపు మొత్తం ఆక్రమించినట్టు తెలుస్తుంది. ఇప్పుడు కవర్‌స్లిప్ అంచున చిక్కటి ఉప్పునీరు ఒక చుక్క వేసి, అవతలి అంచున బ్లాటింగ్ పేపర్ ముక్క ఆనించండి. ఉప్పునీరు లోపలికి పాకిన కొద్ది నిమిషాలకు ఊదారంగు ముద్ద గోడను వదిలి లోపలికి ముడుచుకుంటుంది. ఆ ముద్దకు బయటి అంచే ప్లాస్మా త్వచం. అప్పుడు మీవాడు ఆ పేరు ధైర్యంగా రాయొచ్చు.

మొక్కల కణంలో హరితరేణువులు ఉంటాయి కాబట్టి మైటోకాండ్రియా వేయకూడదని మా ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా సార్?
— పదో తరగతి విద్యార్థి, పొదిలి

కాదు బాబూ. హరితరేణువు చక్కెర తయారు చేస్తుంది, దాన్ని వాడుకుని శక్తి తీసేది మైటోకాండ్రియా. మొక్క రాత్రిపూట కూడా బతకాలి, మట్టిలో ఉన్న వేరు కూడా బతకాలి. వృక్షకణం, జంతుకణం రెండు పటాల్లోనూ వెయ్యి. జంతుకణంలో ఉండి, వరి, వేప, చింత లాంటి పూలమొక్కల కణాల్లో కనిపించనివి సెంట్రియోల్‌లు. నాచుమొక్కల్లో, ఫెర్న్‌లలో ఈదే మగకణాలకు అవి ఉంటాయి గానీ, పదో తరగతి పరీక్షకు అంత లోతు అక్కర్లేదు.

నాకు డ్రాయింగ్ రాదు. బొమ్మల మార్కులు పోతాయని టెన్షన్. రంగులు వేస్తే కలిసొస్తుందా?
— ఇంటర్ బైపీసీ విద్యార్థిని, ఒంగోలు

రంగుల జోలికి పోవద్దమ్మా. షేడింగ్ కూడా వద్దు. చక్కగా చెక్కిన హెచ్‌బీ పెన్సిల్ చాలు. గీత ఒక్కసారిగా, తెగకుండా రావాలి. వెంట్రుకల్లాగా చిన్న చిన్న గీతలు కలిపి గీస్తే ఏది అంచో, ఏది పొరో పేపర్ దిద్దేవాళ్లకు అర్థం కాదు. కణకవచానికి రెండు గీతలు, ప్లాస్మా త్వచానికి ఒక గీత. అందం కంటే ఈ తేడానే ముఖ్యం.

మార్కులు ఎక్కువగా పోయేది లేబుళ్ల దగ్గర. గుర్తు గీత స్కేలుతో గీయి, బాణం గుర్తు పెట్టకు. గీత కొస ఆ భాగాన్ని తాకాలి, దాని దగ్గర్లో గాలిలో ఆగకూడదు. కేంద్రకానికని మొదలుపెట్టిన గీత కణద్రవ్యంలో ఆగిపోతే, రాసిన పేరు కణద్రవ్యానికే చెందుతుంది. గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. పేర్లన్నీ కుడిపక్కన ఒకదాని కింద ఒకటి వస్తే దిద్దేవాళ్ల ప్రాణం హాయిగా ఉంటుంది, నీకే లాభం. బొమ్మ సగం పేజీకి తగ్గనివ్వకు.

ఎన్ని రెట్లు అనేదానిలో చాలామంది తికమకపడతారు. ఐపీస్ 10, ఆబ్జెక్టివ్ 40 అయితే మైక్రోస్కోపు చూపేది 400 రెట్లు. నీ బొమ్మ లెక్క వేరే. మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని, అంటే 0.3 మిల్లీమీటర్ల ఉల్లి కణాన్ని నువ్వు 6 సెంటీమీటర్ల పొడవు గీశావంటే నీ బొమ్మ 200 రెట్లు.

మాది కందుకూరు దగ్గర పల్లెటూరి స్కూలు. మైక్రోస్కోపు ఒకటే ఉంది. ఎప్పుడూ ఉల్లిపాయేనా, మన ప్రాంతంలో దొరికేది ఇంకేమైనా చూపించవచ్చా?
— ఒక ఉపాధ్యాయురాలు

మీ ఉత్తరం చదివి చాలా సంతోషమేసింది. చుట్టూ పొగాకు పెట్టుకుని మీరు ఉల్లిపాయ కోసం వెతకడమేమిటి! చలికాలంలో పొగాకు చేలోంచి లేత ఆకు ఒకటి తెప్పించండి. అంచునో, ఈనె మీదనో ఉన్న నూగును బ్లేడుతో మెల్లగా గీకి నీటి చుక్కలో వేయండి. ఒక్కో వెంట్రుక కొన్ని కణాలు వరుసగా పేర్చినట్టుంటుంది, కొసన గుండ్రటి తల. ఆకు కోసి బ్యారన్‌కు (పొగాకు ఆరబెట్టే కొట్టానికి) మోసేవాళ్ల చేతులకు నల్లగా పట్టే జిగురు ఈ తలల్లోంచి ఊరేదే. పిల్లల్లో సగంమంది ఇళ్లలో ఆ చేతులు చూసి ఉంటారు, ఇక మీరు వేరే ఆసక్తి కలిగించాల్సిన పని లేదు. కణాలు ఒంటివరసలో ఉంటాయి కాబట్టి గీయడం కూడా తేలిక. పచ్చి ఆకు, ముఖ్యంగా తడి ఆకు ముట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. అందుకని ఆకును మీరే గ్లవ్స్ వేసుకుని పట్టుకోండి, పిల్లలకు స్లైడు మాత్రమే ఇవ్వండి.

రెండోది హైడ్రిల్లా. కాలువల్లో, చెరువుల్లో దొరికే నీటిమొక్క. దాని ఆకు రెండే పొరల కణాల మందం కాబట్టి కోయక్కర్లేదు, ఆకును అలాగే పెట్టొచ్చు. కాసేపు వెలుతురులో ఉంచి చూస్తే హరితరేణువులు గోడ వెంట ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ కనిపిస్తాయి. పుస్తకం పటంలో అవి కదలకుండా ఉంటాయి గనుక, కణం లోపల ప్రవాహం ఉంటుందని పిల్లలు ఊహించరు. ఆ బొమ్మలో మాత్రం బాణం గుర్తుకు అనుమతి ఉంది, కదిలే దిక్కు చూపడానికి.

బుగ్గ కణాలకు మిథిలీన్ బ్లూ మా ఊళ్లో దొరకడం లేదు. పెన్ను ఇంకు వాడొచ్చా? జంతుకణం గుండ్రంగానే వేయాలా?
— ఒక విద్యార్థి, కనిగిరి

ఇంకులన్నీ ఒకటి కావు, కొన్ని కేంద్రకానికి సరిగా పట్టవు. అక్వేరియం సామాన్లమ్మే షాపులో అడుగు. చేపలకు ఫంగస్ పడితే వేసే నీలిమందు చాలావరకు మిథిలీన్ బ్లూనే. సీసా మీద పేరు చూసి కొను, చిక్కగా ఉంటే నీళ్లు కలిపి పలచన చెయ్యి.

ఆకారం సంగతికొస్తే, బుగ్గ కణం గుండ్రంగా ఉండదు. పల్చగా, వంకరటింకర అంచులతో, ఒక్కోసారి ఒక అంచు మడతపడి ఉంటుంది. కేంద్రకం కాస్త మధ్యకు ఉంటుంది. కణకవచం లేదు కాబట్టి అంచుకు ఒకే గీత. నరకణమైతే పొడుగ్గా సాగి ఉంటుంది, మన ఎర్ర రక్తకణానికి ముదిరాక కేంద్రకమే ఉండదు. అందుకే స్లైడు చూడకముందే వలయం గీసి పెట్టుకోవద్దు. బుగ్గ గీకిన టూత్‌పిక్ ఒకరిది ఇంకొకరు వాడకండి, పనయ్యాక బ్లీచింగ్ నీళ్లలో వేసి తర్వాత పారేయండి.