ఏటి ఒడ్డు, డబ్బు దాచే చోటు: రెండూ ‘బ్యాంక్’ ఎలా అయ్యాయి?

నమస్కారం అండి. మీ అమ్మాయి ఇంగ్లీషు వ్యాసంలో శ్రీకాకుళం నాగావళి ‘బ్యాంక్’ మీద ఉందని రాస్తే తమ్ముడు నవ్వాడన్నారు. ఆమె రాసినది తప్పు కాదు. పైగా ఇంగ్లీషులో ఒడ్డు అనే అర్థమే ముందు వచ్చింది.

గట్టు, మిట్ట అనే భావంతో ఆ మాట స్కాండినేవియా భాషల నుంచి ఇంగ్లీషులో చేరింది. డబ్బు దాచే చోటు అనే అర్థం మాత్రం 15వ శతాబ్దంలో, ఇటలీ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. అక్కడ నాణేలు మార్చే వ్యాపారులు బల్ల వేసుకుని కూర్చునేవారు. ఇటాలియన్‌లో ‘బాంకా’ అంటే ఆ బల్లే. దివాలా తీసినవాడికి వాడే ‘బ్యాంక్‌రప్ట్’ కూడా విరిగిన బల్ల అనే అర్థం నుంచే పుట్టింది. విచిత్రమేమిటంటే ‘బాంకా’ సైతం జర్మానిక్ భాషల నుంచి ఇటలీకి వెళ్లినదే. ఇంగ్లీషు, స్కాండినేవియా భాషలదీ ఆ కుటుంబమే. అంటే గట్టు, బల్ల, బడిలోని బెంచీ దూరపు చుట్టాలు.

వాడుకలో రెండు జాగ్రత్తలు. ఒడ్డు మీద ఉన్నామంటే ముందు ‘ఆన్’ రావాలి. ‘ఇన్’ పెడితే క్యాషియరు ముందు నిలబడ్డట్టే. ‘బ్యాంక్’ నదులకు, కాలువలకు, చెరువులకు సరిపోతుంది. వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిశాక మాత్రం అక్కడి ఒడ్డు ‘షోర్’ అవుతుంది.

ఎడమ, కుడి గట్లను ప్రవాహం సాగే దిక్కుకు ముఖం పెట్టి నిర్ణయిస్తారు. వంశధార మీది గొట్టా బ్యారేజీ ఎడమ కాలువకు ఆ పేరు అలా వచ్చినదే. తమ్ముడికి ఇది కూడా చెప్పండి.