మళ్లీ మళ్లీ ఇంటిగ్రేట్ చేస్తే ఏమవుతుంది?

గణితం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే సందేహం. ఒక ప్రమేయాన్ని ఒకసారి కాదు, రెండుసార్లు, మూడుసార్లు, ఎన్నిసార్లయినా సమాకలనం చేస్తే ఏం వస్తుంది? అందుకని వాటన్నిటికీ ఒకేచోట జవాబిస్తున్నాం. ఇక్కడ లాగ్ అంటే సహజ సంవర్గమానం. ప్రాథమిక ప్రమేయాలంటే బహుపదులు, మూలాలు, ఘాత, లాగ్, త్రికోణమితి, విలోమ త్రికోణమితి ప్రమేయాలు, వాటిని కూడి, గుణించి, భాగించి, ఒకదానిలో ఒకటి ప్రతిక్షేపించి కట్టగలిగినవి.

ప్ర: లాగ్ ఎక్స్‌ను ఇంటిగ్రేట్ చేస్తే ఎక్స్ లాగ్ ఎక్స్ − ఎక్స్ వచ్చింది. దాన్ని మళ్లీ చేస్తే (ఎక్స్²/2) లాగ్ ఎక్స్ − 3ఎక్స్²/4. మూడోసారికి లెక్క చిక్కుపడింది. దీనికి సాధారణ సూత్రం ఉందాండీ? సి ఎక్కడ రాయాలి?
– ఇంటర్ సెకండియర్ విద్యార్థి, హనుమకొండ

జ: ఉంది. మీ రెండో ఫలితంలో ఎక్స్²/2ను బయటికి తీసి చూడండి: (ఎక్స్²/2)(లాగ్ ఎక్స్ − 3/2). మూడోది (ఎక్స్³/6)(లాగ్ ఎక్స్ − 11/6). బ్రాకెట్లో తీసేస్తున్న 1, 3/2, 11/6 వరసగా 1, 1 + 1/2, 1 + 1/2 + 1/3. వీటినే హరాత్మక సంఖ్యలంటారు. కాబట్టి ఎన్ సార్లు చేస్తే వచ్చేది (ఎక్స్^ఎన్ / ఎన్!)(లాగ్ ఎక్స్ − హ(ఎన్)). ఇందులో హ(ఎన్) = 1 + 1/2 + … + 1/ఎన్. అయిదోసారికి (ఎక్స్⁵/120)(లాగ్ ఎక్స్ − 137/60).

సరిచూసుకోవడానికి ఇంటిగ్రేట్ చేయక్కర్లేదు, అవకలనం చేయండి. మొదటి భాగాన్ని అవకలనం చేస్తే ఘాతం ఒకటి తగ్గి, హారం (ఎన్−1)! అవుతుంది. లాగ్‌ను అవకలనం చేస్తే బ్రాకెట్లోకి 1/ఎన్ వచ్చి చేరుతుంది. అది హ(ఎన్)ను హ(ఎన్−1)గా మార్చేస్తుంది. సూత్రం తన ముందు మెట్టుకు దిగిపోయింది, అంతే.

సి సంగతి: ప్రతిసారీ కొత్త స్థిరాంకం వస్తుంది, పాతది ఊరికే ఉండదు, అదీ ఇంటిగ్రేట్ అవుతుంది. మొదట సి, రెండోసారి సిఎక్స్ + డి, మూడోసారి సిఎక్స్²/2 + డిఎక్స్ + ఇంకొకటి. ఎన్ సార్లకు మొత్తం మీద ఎన్−1 పరిమాణం గల బహుపది ఒకటి జతపడుతుంది. చివర్లో ఒక్క సి పెట్టి వదిలేస్తే తప్పు.

ప్ర: ఎన్ సార్లు చేయకుండా ఒకేసారిలో తేల్చే పద్ధతి ఉందా?
– బీఎస్సీ విద్యార్థిని, తెనాలి

జ: కోషీ సూత్రం ఉంది. ఇకముందు వచ్చే జవాబులన్నిటికీ ఇదే ఆధారం, అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

ఎఫ్(టి)ని 0 నుంచి మొదలుపెట్టి ఎక్స్ వరకు ఎన్ సార్లు సమాకలనం చేస్తే వచ్చేది, (ఎక్స్ − టి)^(ఎన్−1) × ఎఫ్(టి)ని 0 నుంచి ఎక్స్ వరకు ఒక్కసారి సమాకలనం చేసి (ఎన్−1)!తో భాగించినదానికి సమానం.

రెండుసార్ల విషయంలో కారణం తేలిగ్గా కనబడుతుంది. లోపలి సమాకలనం టి = 0 నుంచి యు వరకు, బయటిది యు = 0 నుంచి ఎక్స్ వరకు. ఈ రెండూ కలిసి ఒక త్రిభుజ ప్రాంతాన్ని కప్పుతాయి. క్రమం తిప్పి ముందు యుని చేయండి. ఒక్కో టికి యు తిరిగే పొడవు టి నుంచి ఎక్స్ వరకు, అంటే ఎక్స్ − టి. అదే గుణకంగా వచ్చి కూర్చుంది. మిగతా మెట్లు గణితానుగమనంతో వస్తాయి.

ఇప్పుడు (ఎక్స్ − టి)^(ఎన్−1)ను ద్విపద సిద్ధాంతంతో విస్తరించండి. ఎక్స్ ఘాతాలు సమాకలని బయటికి వచ్చేస్తాయి. లోపల మిగిలేవి ఎఫ్, టి·ఎఫ్, టి²·ఎఫ్, … టి^(ఎన్−1)·ఎఫ్ మాత్రమే. అంటే ఎన్ సార్ల సమాకలనంలో కొత్త ప్రమేయాలు ఎన్ని పుడతాయో తెలుసుకోవాలంటే ఈ ఎన్ సాధారణ సమాకలనులను చూస్తే చాలు. ఒక ప్రమేయాన్ని వరసగా ఇంటిగ్రేట్ చేయబోయే ముందు ఈ పరీక్ష పెట్టుకోండి, పేజీల కొద్దీ శ్రమ తప్పుతుంది.

ఉదాహరణకు ఎఫ్ అకరణీయ ప్రమేయమైతే (అంటే ఒక బహుపదిని ఇంకో బహుపదితో భాగించినదైతే) టి^కె·ఎఫ్ కూడా అకరణీయమే. కాబట్టి వందసార్లు చేసినా ప్రాథమిక ప్రమేయమే వస్తుంది. బహుపది × ఈ^ఎక్స్, బహుపది × సైన్, లాగ్ ఎక్స్, టాన్ విలోమం, సైన్ విలోమం కూడా ఇదే కోవలోవి.

ప్ర: టాన్ ఎక్స్‌ను ఇంటిగ్రేట్ చేస్తే లాగ్ సెక్ ఎక్స్. దాన్ని మళ్లీ చేయబోతే ఏ పద్ధతీ పని చేయలేదు. పోనీ ఈ మెట్టు దాటితే తర్వాతి మెట్టులోనైనా మామూలు ప్రమేయం వస్తుందా? ఈ^(−ఎక్స్²) విషయం కూడా ఇలాంటిదేనా?
– నెట్ పరీక్షకు చదువుతున్న పాఠకురాలు, తిరుపతి

జ: రాదు. ఒకసారి తప్పిపోయిన ప్రాథమిక రూపం తర్వాతి సమాకలనాల్లో తిరిగి రాదు. నాలుగో మెట్టులో ప్రాథమిక ప్రమేయం వచ్చిందనుకోండి. దాని అవకలజం మూడో మెట్టు. ప్రాథమిక ప్రమేయపు అవకలజం ఎప్పుడూ ప్రాథమికమే కదా. కాబట్టి మూడోదీ ప్రాథమికమే అయ్యుండాలి, అలాగే రెండోదీ, మొదటిదీ.

టాన్‌కు పరీక్ష పెట్టండి. మొదటి సమాకలని ప్రాథమికమే. టి·టాన్ టి మాత్రం కాదు. అందుకే రెండో మెట్టులో ఆగిపోయారు. సెక్² ఎక్స్‌తో మొదలుపెడితే టాన్, లాగ్ సెక్ వరకు రెండు మెట్లు నడిచి మూడోదాంట్లో ఆగుతుంది. టి సెక్² టి వరకు బాగానే ఉంటుంది, టి² సెక్² టి దగ్గర మళ్లీ టి·టాన్ టియే ఎదురవుతుంది.

పేరున్న ప్రాథమిక ప్రమేయం లేదని లెక్క ఆగనక్కర్లేదు. ఎక్స్ −π/2, π/2ల మధ్య ఉన్నప్పుడు లాగ్ సెక్ ఎక్స్ = లాగ్ 2 + Σ (−1)^కె కాస్(2కెఎక్స్)/కె. దీన్ని 0 నుంచి పదం పదంగా ఇంటిగ్రేట్ చేయండి. రెండో మెట్టు: ఎక్స్ లాగ్ 2 + Σ (−1)^కె సైన్(2కెఎక్స్)/(2కె²). మూడో మెట్టు: (ఎక్స్²/2) లాగ్ 2 + Σ (−1)^కె (1 − కాస్(2కెఎక్స్))/(4కె³). ప్రతి సమాకలనంతో హారంలో కె ఘాతం ఒకటి పెరుగుతోంది, అంటే శ్రేణి ఇంకా త్వరగా అభిసరిస్తోంది. రెండో మెట్టులోది క్లాసెన్ ప్రమేయపు కుటుంబం. తర్వాతి మెట్లలో ఉన్నత తరగతి పాలీలాగరిథమ్‌లు (హారంలో కె ఘాతం ఉన్న ఇలాంటి శ్రేణులకు పెట్టిన పేరు) వస్తాయి, ప్రతి మెట్టుకూ ఒక కొత్త ప్రమేయం. రెండో మెట్టులో ఎక్స్ = π/2 పెడితే సైన్ పదాలన్నీ సున్నా అయి (π/2) లాగ్ 2 మిగులుతుంది. నిశ్చిత సమాకలనుల పాఠంలో అందరూ చేసే లెక్కే ఇది. అనిశ్చిత సమాకలని ప్రాథమికం కాకపోయినా కొన్ని హద్దుల మధ్య విలువ చక్కగా రావచ్చు.

ఈ^(−ఎక్స్²) కథ వేరు. ఇక్కడ మొదటి మెట్టే ప్రాథమికం కాదు. 1830లలో లియూవిల్ ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం అది ప్రాథమికం కావాలంటే ఆర్′ − 2ఎక్స్·ఆర్ = 1ను తృప్తిపరచే అకరణీయ ప్రమేయం ఆర్ ఉండాలి. ఆర్ హారం ఎక్కడైనా సున్నా అయితే ఆర్′లో ఆ హారపు ఘాతం ఒకటి పెరుగుతుంది, దాన్ని కొట్టేసే పదం ఎడమవైపు ఇంకొకటి లేదు. కాబట్టి ఆర్ బహుపది కావాలి. అప్పుడు 2ఎక్స్·ఆర్ పరిమాణం ఆర్ కంటే ఒకటి ఎక్కువ, ఆర్′ది తక్కువ. ఫలితం 1 అయ్యే వీలే లేదు. ఇంత చిన్న నిరూపణను బీఎస్సీ తరగతిలోనే చెప్పవచ్చు. 'ఇది రాదు' అని మాత్రం చెప్పి వదిలేయడం విద్యార్థికి అన్యాయం.

అయితే ఇందులో ఊరట కూడా ఉంది. టి·ఈ^(−టి²) మామూలుగా ఇంటిగ్రేట్ అవుతుంది. టి²·ఈ^(−టి²)ను విభాగ సమాకలనంతో మళ్లీ మొదటిదానికే తేవచ్చు. కాబట్టి ఎన్నిసార్లు చేసినా ఒకే ఒక్క కొత్త ప్రమేయంతో సరిపోతుంది. మొదటి సమాకలనిని 0 నుంచి తీసుకుని జి(ఎక్స్) అంటే, రెండోది ఎక్స్·జి(ఎక్స్) − (1 − ఈ^(−ఎక్స్²))/2. సైన్ ఎక్స్/ఎక్స్ కూడా ఇంతే. టాన్ ఒక మెట్టు ఎక్కువ నడిచినా తర్వాత ప్రతిసారీ కొత్త పేరు అడుగుతుంది. ఇది మొదట్లోనే ఒక పేరు అడిగి తర్వాత ఇంకేమీ అడగదు.

ప్ర: వేడి ప్రసారం లెక్కల కోసం పూరక దోష ప్రమేయపు వరస సమాకలనులను ప్రోగ్రాంలో పునరావృత సూత్రంతో లెక్కిస్తున్నాను. అన్నీ ధనాత్మకంగా ఉండాలి, కానీ అయిదోది రుణాత్మకంగా వచ్చింది. కోడ్‌లో తప్పు కనబడలేదు.
– మెకానికల్ ఇంజినీరు, విశాఖపట్నం

జ: కోడ్ సరిగానే ఉండి ఉంటుంది, సూత్రాన్ని నడిపిన దిశ తప్పు. స₀ అంటే పూరక దోష ప్రమేయం, అంటే ఈ^(−టి²)ను ఎక్స్ నుంచి అనంతం వరకు ఇంటిగ్రేట్ చేసి 2/√πతో గుణించినది. దాన్ని ఎక్స్ నుంచి అనంతం వరకు ఇంటిగ్రేట్ చేస్తే స₁, మళ్లీ చేస్తే స₂. మందపాటి దిమ్మె ఉపరితలంపై స్థిరమైన ఉష్ణ ప్రవాహం పడినప్పుడు లోపలి ఉష్ణోగ్రత పెరుగుదల ఈ స₁తోనే వస్తుంది. సూత్రం: 2ఎన్·స(ఎన్) = స(ఎన్−2) − 2ఎక్స్·స(ఎన్−1). మొదలు స₋₁ = (2/√π) ఈ^(−ఎక్స్²).

ఎక్స్ = 2 దగ్గర చేసి చూద్దాం. నాలుగు సార్థక అంకెలతో మొదలుపెడితే స₋₁లో సగం 0.01033, స₀ 0.004678. అప్పుడు స₁ = 0.01033 − 0.009356 = 0.000974. అసలు విలువ 0.000978. దగ్గరదగ్గరగా ఉన్న రెండు సంఖ్యల తీసివేతలో ముందు అంకెలు పోయాయి. స₂ 0.0001955 వస్తుంది, అసలు 0.0001914, తేడా సుమారు 2 శాతం. స₃ 0.0000320, అసలు 0.0000354, తేడా దాదాపు 10 శాతం. స₄లో తేడా 35 శాతం. స₅ = (0.0000320 − 0.00003375)/10, రుణాత్మకం. డబుల్ ప్రెసిషన్ (సుమారు 16 అంకెల లెక్క) వాడితే ఇదే జబ్బు కొన్ని మెట్లు ఆలస్యంగా వస్తుంది, పోదు.

కారణం: ఈ పునరావృత సూత్రానికి ఇంకో సాధన కూడా ఉంది. అది −ఎక్స్ దగ్గరి సమాకలని, గుర్తు మెట్టు మెట్టుకూ మారుతుంది. ఎక్స్ ధనాత్మకమైతే అది మీకు కావలసినదానికంటే చాలా పెద్దది. మొదటి రౌండింగ్ దోషంలో దాని తునక ఒకటి చేరి, ముందుకు నడిచే కొద్దీ అసలు జవాబును మింగేస్తుంది.

మందు ఏమిటంటే వెనక్కి నడవడం. స(ఎన్−2) = 2ఎన్·స(ఎన్) + 2ఎక్స్·స(ఎన్−1). ఇందులో తీసివేత లేదు, అన్నీ కూడికలే. మీకు అయిదో మెట్టు వరకు కావాలంటే 30 దగ్గర మొదలుపెట్టండి: 31వది 0, 30వది 1 అనుకుని −1 వరకు దిగండి. అక్కడ వచ్చిన విలువ, తెలిసిన స₋₁ మధ్య నిష్పత్తితో అన్నిటినీ గుణించండి. తర్వాత 40 దగ్గర మొదలుపెట్టి మళ్లీ చేయండి. రెండిట్లో మీకు కావలసిన అంకెలు కలిస్తే సరే. ఎక్స్ సున్నాకు దగ్గరయ్యే కొద్దీ ఇంకా పైనుంచి మొదలుపెట్టాలి. ఎక్స్ రుణాత్మకమైతే ముందుకు నడిచినా ఇబ్బంది లేదు. ఈ వెనక నడక మిల్లర్ పద్ధతి పేరుతో ప్రసిద్ధం. ప్రోగ్రాం సరిచూడటానికి ఒక కొలత: ఎక్స్ = 0 దగ్గర స₁ = 1/√π, అంటే 0.5642, స₂ = 0.25.

ప్ర: బీమ్ వంపు లెక్కలో లోడ్‌ను నాలుగుసార్లు ఇంటిగ్రేట్ చేయమంటారు. స్థిరాంకాల దగ్గర తడబడుతున్నాను.
– సివిల్ డిప్లొమా విద్యార్థి, కరీంనగర్

జ: రెండు చివర్లా ఊరికే ఆనించిన బీమ్, పొడవంతా సమానమైన లోడ్ డబ్ల్యు, పొడవు ఎల్. నాలుగు సమాకలనాలకు నాలుగు స్థిరాంకాలు, వాటికి నాలుగు షరతులు: రెండు చివర్లా వంపు సున్నా, బెండింగ్ మూమెంట్ సున్నా. నాలుగూ చివరిదాకా మోసుకెళ్లకండి. రెండోసారి కాగానే మూమెంట్ షరతులు పెట్టేయండి: డబ్ల్యుఎక్స్²/2 − డబ్ల్యుఎల్ఎక్స్/2. ఇంకో రెండుసార్లు చేసి వంపు షరతులు పెడితే డబ్ల్యు(ఎక్స్⁴/24 − ఎల్ఎక్స్³/12 + ఎల్³ఎక్స్/24). దీన్ని ఈఐతో (బీమ్ దృఢత్వం: ఈ పదార్థపు స్థితిస్థాపక గుణకం, ఐ అడ్డుకోత జడత్వ భ్రామకం) భాగించాలి. నడుమ ఎక్స్ = ఎల్/2 పెడితే (1 − 4 + 8)/384, అంటే మీ పుస్తకంలోని 5డబ్ల్యుఎల్⁴/(384ఈఐ). ఎక్స్ పదపు స్థిరాంకాన్ని మరిచిపోతే బ్రాకెట్లో −3 మిగిలి బీమ్ పైకి వంగినట్టు వస్తుంది. జవాబు గుర్తు చూసి ఆ తప్పును పట్టుకోవచ్చు.

ప్ర: అరసారి ఇంటిగ్రేట్ చేయడం అని ఎక్కడో చదివాను. దానికి అర్థం ఉందా?
– పాఠకుడు, బెంగళూరు

జ: ఉంది. కోషీ సూత్రంలో ఎన్ పూర్ణాంకమే కావాలన్న నిర్బంధం (ఎన్−1)! దగ్గర ఒక్కచోటే ఉంది. దాని బదులు గామా(ఎన్) (ఫాక్టోరియల్‌ను పూర్ణాంకాలు కాని సంఖ్యలకూ విస్తరించే ప్రమేయం) రాస్తే ఎన్ = 1/2 కూడా పెట్టవచ్చు. గామా(1/2) = √π. స్థిర ప్రమేయం 1ని 0 నుంచి అరసారి సమాకలనం చేస్తే 2√(ఎక్స్/π). దాన్ని ఇంకో అరసారి చేస్తే సరిగ్గా ఎక్స్, అంటే 1ని ఒకసారి చేస్తే వచ్చేది. రీమన్–లియూవిల్ సమాకలని అంటే ఇదే. చేసేటప్పుడు కింది హద్దు రెండుసార్లూ ఒకటే ఉండాలి. మొదటిసారి 0 నుంచి, రెండోసారి 1 నుంచి చేస్తే రెండు అరలూ కలిసి ఒకటి కావు.