ప్రభుత్వం గురించి చదివితే ఏమొస్తుంది?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. వంశధార ఎడమ కాలువ కింద మూడెకరాల వరి పొలం ఉంది. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసై, ఇప్పుడు ఇంజనీరింగ్ వద్దు, బీఏలో చేరి రాజనీతి శాస్త్రం చదువుతానంటోంది. ప్రభుత్వం అంటే మేం రోజూ చూస్తున్నదే కదా. ఏళ్లపాటు చదవడానికి అందులో ఏముంది? ఉద్యోగం వస్తుందా?
– ఒక తండ్రి

జవాబు: ఉద్యోగం సంగతి తర్వాత చెబుతాను. ముందు ‘రోజూ చూస్తున్నదే కదా’ అన్న మీ మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అది తేలకపోతే మిగతాది తేలదు.

మనం రోజూ చూసేది ప్రభుత్వంలో పనిచేసే మనుషులను. గ్రామ సచివాలయం ఉద్యోగి, తహశీల్దారు, శాసనసభ్యుడు, మంత్రి – వీరిలో కొందరు బదిలీ అవుతారు, కొందరు ఓడిపోతారు, కొందరు పదవీ విరమణ చేస్తారు. అయినా పని ఆగదు, ఎందుకంటే ఆ కుర్చీకి ఎంత అధికారం ఉంది, దాన్ని దుర్వినియోగం చేస్తే ఎవరిని ఆశ్రయించవచ్చు అన్నది అందులో కూర్చునే మనిషి రాకముందే రాసిపెట్టి ఉంటుంది. చట్టసభలు, న్యాయస్థానాలు, ఎన్నికల సంఘం, పంచాయతీలు అలా రాసిపెట్టిన నియమాల మీద నిలిచిన సంస్థలు. ఆ నియమాలు ఎలా పుట్టాయి, వాటివల్ల ఎవరి బతుకు ఎటు తిరిగింది అని పరిశీలించడమే మీ అమ్మాయి కోరుకుంటున్న చదువు. 2024లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి కూడా, సంస్థలు ఎలా ఏర్పడతాయో, దేశాల కలిమిలేములను అవి ఎలా ప్రభావితం చేస్తాయో పరిశోధించిన ముగ్గురికి దక్కింది.

మీ మూడెకరాలనే తీసుకోండి. ఒకప్పుడు శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో చాలా ఊళ్లు జమీందారీల కింద ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802లో వచ్చిన శాశ్వత శిస్తు నిర్ణయం జమీందారు సర్కారుకు కట్టవలసిన పేష్కషును, అంటే శిస్తు మొత్తాన్ని, స్థిరపరిచిందే గాని, దున్నే రైతు జమీందారుకు ఏమివ్వాలో అదే గట్టిదనంతో కట్టడి చేయలేదు. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసి, ఆ గ్రామాలను రైత్వారీ పద్ధతిలోకి మార్చాకే రైతుకూ సర్కారుకూ నేరుగా లెక్క కుదిరింది. నేల మారలేదు, నాగలి మారలేదు, రాత మారింది.

నీటి కథ ఇంతకంటే లోతైనది. వంశధార ఒడిశాలో పుట్టి మన కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఇలా రెండు రాష్ట్రాలు ఒకే నది కోసం తగవు పడితే ఎలా తీర్చాలన్నదానికి రాజ్యాంగంలో 262వ అధికరణం ఉంది, దాని ఆధారంగా 1956లో చేసిన అంతర్రాష్ట్ర నదీజలాల వివాద చట్టం ఉంది. 1962లో రెండు రాష్ట్రాలు నీటిని చెరిసగం పంచుకోవడానికి ఒప్పుకున్నా, నేరడి బ్యారేజీ, కాట్రగడ్డ వరద కాలువ విషయంలో పేచీ మిగిలింది. ఒడిశా 2006లో కేంద్రానికి ఫిర్యాదు చేసింది, సుప్రీంకోర్టు ఆదేశించాక 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, తీర్పు 2017లో వచ్చింది. పదకొండేళ్లు చాలా ఎక్కువే, ఆ జాప్యానికి రైతు చెల్లించిన మూల్యాన్ని నేను తక్కువ చేసి చూపను. కానీ ఎగువన ఉన్నవాడిదే నీరు అన్న పద్ధతి కాకుండా, ప్రవాహాల లెక్కలు, ఒప్పందాలు, వాదనల మీద ఆ తగవు నడిచిందంటే, అది నడిచేందుకు ఒక వేదిక ముందే ఉండటం వల్లనే.

ఆ నీరు గొట్టా బ్యారేజీ నుంచి మీ పొలానికి చేరే దారిలో ఇంకో సంస్థ ఉంది. 1997 చట్టం ద్వారా సాగునీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. కాలువ మొదట్లో ఉన్న రైతుకూ, శివారు రైతుకూ ఓటు ఒక్కటే, అయితే తూము ముందుగా అందేది మాత్రం మొదటి రైతుకే. కాగితం మీది సమానత్వం తూము దగ్గర ఎంతవరకు నిలుస్తుంది, నిలవకపోతే ఏ నియమం మార్చాలి? ఈ శాస్త్రానికి ప్రాణం ఇలాంటి ప్రశ్నల్లోనే ఉందని నేను నమ్ముతాను. పంచాయతీల్లోనూ ఇదే చూస్తాం. 73వ రాజ్యాంగ సవరణ మహిళలకు మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించింది, మన రాష్ట్రంలో అది సగానికి పెరిగింది. సర్పంచ్ కుర్చీలో భార్య పేరు ఉండి, పెత్తనం భర్త చేసే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అయినా ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చోవచ్చు అన్న తలపు పిల్లల మనసులో నాటింది ఆ నియమమే.

ఇక ఉద్యోగం. బీఏ పూర్తయిన మర్నాడే కొలువు దొరికే చదువు ఇది కాదు. ఆ తర్వాత ఇంకో మెట్టు తప్పదు, అదేదో రెండో సంవత్సరంలోనే తేల్చుకోవాలి. లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయవచ్చు, బీఈడీ చేసి సోషల్ ఉపాధ్యాయురాలు కావచ్చు, ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి చోట ఎంఏ చేసి, నెట్ రాసి అధ్యాపక వృత్తిలోకి వెళ్లవచ్చు. గ్రూప్స్‌కు, సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. రాజ్యాంగం, పాలన ఆ పరీక్షల సిలబస్‌లో ఉన్నాయి కనుక ఈ చదువు అక్కరకొస్తుంది. అయితే వాటి కోసమే ఈ చదువు ఎంచుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం. నోటిఫికేషన్ల కోసం ఏళ్లకు ఏళ్లు కోచింగ్ గదుల్లో ఎదురుచూసి, ముప్పై దాటాక మరో దారి వెతుక్కునే పిల్లలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. రాస్తానంటే ఎన్ని ప్రయత్నాలో ముందే అనుకోండి. ఎంపీసీ వృథా అయిందని మాత్రం బాధపడకండి. ప్రభుత్వ పథకాల ఫలితాలను అంచనా వేసే పనిలో గణాంక శాస్త్రం తెలిసినవారికి విలువ ఎక్కువ, లెక్కలు వచ్చిన రాజనీతి విద్యార్థులు తక్కువ. బీఏతో పాటే అదీ, ఆంగ్లంలో రాయడమూ నేర్చుకోమనండి.

సీటు ఖాయం చేసుకునేలోపు ఒక పని చేయండి. మీ పాస్‌పుస్తకం, అడంగల్ నకలు అమ్మాయి చేతికిచ్చి, ‘మన చేనుకు నీరు అందకపోతే ఎవరికి అర్జీ పెట్టాలి, వాళ్లు పట్టించుకోకపోతే ఆపై ఎవరు?’ అని అడగండి. జవాబు వెంటనే రాకపోయినా ఫరవాలేదు. తెలుసుకోవడానికి తానే సచివాలయానికీ, నీటిపారుదల కార్యాలయానికీ వెళ్లి, నలుగురిని అడిగి, రాసుకుని వస్తే సంతోషంగా బీఏలో చేర్పించండి. రెండో రోజుకే విసుగు పుడితే, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ గడువు ముగిసేలోపే మీరిద్దరూ కూర్చుని మళ్లీ మాట్లాడుకోండి.