సెకండ్‌హ్యాండ్ తెరచాప పడవ: కొనేముందే అమ్మకం సంగతి చూసుకోండి

డల్లాస్ చుట్టుపక్కల సరస్సుల మీద చిన్న తెరచాప పడవలు చూసి మనసు పారేసుకున్నారా? ఉద్యోగం మారితే మూటాముల్లే సర్దుకునే మనకి, పడవ ఎంత బాగుందన్న దానికంటే రెండేళ్ల తర్వాత దాన్ని ఎవరు కొంటారన్నదే ముఖ్యం.

అందుకే మొదటి పడవగా సన్‌ఫిష్ గానీ లేజర్ గానీ చూడండి. సన్‌ఫిష్‌లు మూడు లక్షలకు పైగా, లేజర్‌లు రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. చుక్కాని విరిగినా, తెరచాప చిరిగినా విడిభాగం ఆర్డరిస్తే ఇంటికొస్తుంది. పేరు తెలియని పడవ మూడొందల డాలర్లకే వస్తోందని ఎగబడితే, చుక్కాని బిగించే ఇత్తడి ముక్క ఒకటి పోయినా ఎక్కడా దొరకదు. చివరికి ఉత్తినే ఇస్తామన్నా పట్టుకెళ్లేవాడు ఉండడు.

అయితే పేరు చూసి కళ్లు మూసుకోకూడదు. పాత సన్‌ఫిష్‌లకి పెద్ద జబ్బు బరువు. హల్, అంటే పడవ ఒళ్లు, కొత్తలో సుమారు 130 పౌండ్లు. లోపలి ఫోమ్ దిమ్మలు ఏళ్ల తరబడి నీళ్లు పీలిస్తే 180 కూడా దాటుతుంది. బాత్రూమ్ తూకం మిషన్లు రెండు పట్టుకెళ్లండి. ముందు కొన కింద ఒకటి, వెనక కొన కింద ఒకటి పెట్టి రెండూ కూడండి. 150 దాటితే బేరం గట్టిగా ఆడండి, 170 దాటితే వదిలేయండి. డెక్‌కి (పడవ పైభాగానికి) కన్నం కోసి, మూత బిగించి, చిన్న ఫ్యాన్ పెట్టి ఆరబెట్టొచ్చు గానీ నెలలు పడుతుంది, అపార్ట్‌మెంట్‌లో అయ్యే పని కాదు. చుక్కాని కూడా చూడండి: 1970ల మొదట్లో దాని అమరిక మారింది, పాత రకం ఉంటే ధర తగ్గాల్సిందే.

లేజర్‌లో చూడాల్సింది మాస్ట్ (తెరచాప స్తంభం) దిగే గొట్టం. దాన్ని నీళ్లతో నింపి పావుగంట ఆగండి. మట్టం తగ్గిందంటే అడుగున పగులుందన్నమాట, గట్టి గాలికి మాస్ట్ డెక్‌ని చీల్చుకుని రావచ్చు. హుస్సేన్‌సాగర్‌లో హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కి దిగేదీ ఈ పడవే, ఇప్పుడు పోటీల్లో ఐఎల్‌సీఏ అంటున్నారు. 2019లో పోటీల సంఘానికి తయారీదారుతో గొడవొచ్చి పేరు మారింది. ఆ తర్వాత తయారైన పడవైతే కాక్‌పిట్ (కాళ్లు పెట్టుకునే గుంట) వెనక వైపు పోటీ అనుమతి ప్లేటు ఉందో లేదో చూడండి. అది లేకపోతే రేసులవాళ్లు కొనరు, సరదాకి తిప్పుకునేవాళ్లు ఇచ్చే ధరే మీకు వస్తుంది.

దేశమంతా లక్షలున్నాయన్న లెక్క మీ సరస్సు దగ్గర పనికిరాదు. ఒక ఆదివారం అక్కడి క్లబ్ ర్యాకుల ముందు నిలబడి ఏ పడవలు ఎక్కువున్నాయో లెక్కపెట్టండి. రేపు మీ దగ్గర కొనేదీ, అవసరానికి తాడు ముక్క ఇచ్చేదీ ఆ క్లబ్ వాళ్లే.

కాగితాల మాటకొస్తే, టెక్సాస్‌లో ఇంజన్ లేని, 14 అడుగుల లోపు తెరచాప పడవకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ రెండూ ఆ లోపలివే. ట్రైలర్ కాగితాలు మాత్రం విడిగా అడిగి తీసుకోండి. పడవ వెనక కుడివైపు చెక్కిన హల్ నంబరు ఫోటో తీసి, బిల్లు మీద అదే నంబరు రాయించండి. ఇతర రాష్ట్రాల్లో రూల్స్ వేరు.

కొనడానికి సెప్టెంబరు, అక్టోబరు. అమ్మడానికి మార్చి, ఏప్రిల్. అమ్మేటప్పుడు ప్రకటనలో తూకం అంకె, తూకం మిషన్ ఫోటో పెట్టండి, "బాగుందా?" అని అడిగే ఫోన్లు సగం తగ్గుతాయి.