గోల్డ్ కార్డు ఉన్నా జనరేటర్ పక్క గదే!

ప్రశ్న: ఓ పెద్ద హోటల్ సంస్థలో నాకు గోల్డ్ మెంబర్‌షిప్ ఉంది. విశాఖలోని వాళ్ల హోటల్లో సముద్రం వైపు గది ఇస్తారనుకుంటే, జనరేటర్ పక్కన పడేశారు. రాత్రంతా మోత, ఏసీ నీళ్లు సరిగ్గా దిండు మీదే! టిఫిన్‌కీ బిల్లు వేశారు. అడిగితే ‘బయటి యాప్‌లో బుక్ చేశారు కదా సార్’ అన్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: టిఫిన్ మీద ఆశ వదులుకోండి. బయటి యాప్‌లో బుక్ చేస్తే చాలా సంస్థలు మెంబర్ సౌకర్యాలు ఇవ్వవు. మంచి గది కూడా ‘ఖాళీ ఉంటేనే’ అని నిబంధనల్లో రాసుకుంటారు. ఏసీ కారడం మాత్రం వేరే లెక్క. పొడి పక్క ఇవ్వడానికి గోల్డ్ కార్డెందుకండీ, డబ్బు కడితే చాలదూ? తడిసిన దిండు ఫొటో ఉంటే బిల్లుతో కలిపి మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. ఫోన్లో చెబితే గాలికిపోతుంది. పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి.